ద్వాదశి రాని ఏకాదశి

మొన్న కార్తీక వనభోజనాల్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన, మా అక్క కూతురి సంగతి ఎవరో చెప్పగా విని, "తినకపోవడం కూడా జబ్బేనా అమ్మా? మా చిన్నప్పుడు దొరక్క పస్తులున్నాం గానీ, ఉండి మానేయడం ఎరగం" అన్నారు. వెటకారంగా అనలేదు, నిజంగానే అర్థం కాక అడిగారు. ఉసిరి చెట్టు కింద అంతమంది మధ్య నేనేమీ చెప్పలేకపోయాను. పది రోజులుగా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆయనకు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. పాప అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేరు రాయను. బరువు అంకెలు కూడా రాయను. ఈ జబ్బుతో ఉన్న పిల్లలు ఎవరైనా చదివితే ఆ అంకెతో పోటీ పడతారని డాక్టరుగారు మాకు మొదట్లోనే చెప్పారు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. అనొరెక్సియా అనే ఈ జబ్బులో మనం కారణాలు వెతుక్కుంటూ నెలలు పోగొట్టుకుంటున్నాం. ఎందుకు తినడం లేదో తెలిశాక తినిపిద్దాం అనుకుంటాం, మనసు కుదుటపడితే అదే తింటుందిలే అనుకుంటాం. అది తలకిందులు. ముందు తిండి పడాలి. ఆ తర్వాతే మనసు మాట వింటుంది. ఆ తిండి పెట్టే పని చాలావరకు ఇంటివాళ్లదే.

భక్తి అనుకున్నాం

పాప అప్పట్లో విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతుండేది. మూడేళ్ల కిందట దసరా సెలవలకు తణుకు వచ్చినప్పుడు చూసిన ప్రతివాళ్లూ మెచ్చుకున్నారు. నాజూగ్గా తయారైందన్నారు, పొడుగైందన్నారు. నేనూ అన్నాను. "నీ నడుము చూస్తే కుళ్లుగా ఉందే" అన్నానని నాకు బాగా గుర్తు. ఆ మాట ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది.

శనివారం వెంకటేశ్వరస్వామికి ఒంటిపూట. తర్వాత సోమవారం శివుడికి. తర్వాత గురువారం, మధ్యలో ఏకాదశులు. వాళ్ల నానమ్మ మురిసిపోయింది, ఈ రోజుల్లో ఇంత భక్తి ఏ పిల్లకుందని. ఎవరూ వారంలో రోజులు లెక్కపెట్టలేదు. ఉపవాసం మర్నాడు ఏం తింటోందో అసలే చూడలేదు. నేను ఏకాదశి ఉంటాను కాబట్టి చెబుతున్నాను: ఏకాదశికి ద్వాదశి ఉంది. పారణ ఉంది. పొద్దున్నే లేచి వేడన్నంలో పప్పు, నెయ్యి వేసుకుని తిన్నప్పుడు ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టు ఉంటుంది. ఆ పిల్ల ద్వాదశినాడు గ్లాసుడు పల్చటి మజ్జిగ తాగి కడుపు నిండిందనేది. దాని ఏకాదశికి ద్వాదశి రాలేదు. ఉపవాసానికీ ఈ జబ్బుకీ తేడా ఎలా తెలుస్తుందని అడిగేవాళ్లకు నేను చెప్పే గుర్తు ఇదే. వ్రతం ముగిశాక తినగలుగుతున్నారా, తినాలని ఎదురుచూస్తున్నారా అన్నది చూడండి.

ఇంకో విచిత్రం, వంట చెయ్యడం మొదలుపెట్టింది. సంక్రాంతికి అరిసెల పాకం దగ్గర కూర్చుని తనే పట్టింది. ఎవరు ఎన్ని తిన్నారో అడిగి మరీ పెట్టింది. తను చిటికెడు కూడా నోట వేసుకోలేదు. వంటల పుస్తకం ఒకటి రాసుకునేది. తిండి మీద ఇంత ఇష్టమున్న పిల్లకు తిండి జబ్బేమిటనుకున్నాం.

తర్వాత కడుపు ఉబ్బరం అంది, ముద్ద దిగడం లేదంది. గ్యాస్ అన్నారు. ఎండోస్కోపీ చేశారు, ఏమీ లేదు. నెలసరి ఆగిపోతే ఒక డాక్టరు దగ్గర హార్మోన్ మాత్రలు రాయించుకొచ్చాం. థైరాయిడ్ నార్మల్, రక్తం రిపోర్టులు నార్మల్. నార్మల్ అన్నప్పుడల్లా అక్క దేవుడికి దండం పెట్టుకునేది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. ఈ జబ్బులో రక్తపరీక్షలు చాలాకాలం బాగానే ఉంటాయనీ, అవి బాగున్నాయి కదా అని నిశ్చింతగా ఉండకూడదనీ మాకు తర్వాత తెలిసింది. ఒళ్లు సన్నటి నూగుతో కప్పుకుపోవడం, ఫిబ్రవరి ఎండలో స్వెట్టర్ వేసుకోవడం, కూర్చుని లేస్తే కళ్లు తిరగడం, ఇవి రిపోర్టుల్లో కనపడవు.

స్నానాల గదిలో పడిపోయిన రోజు రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నాడి పట్టుకుని చూసి మళ్లీ చూశారు. నిమిషానికి 44. ఈసీజీ తీయించారు. పగటిపూట నాడి 50 కన్నా తగ్గితే ఈ వయసు పిల్లల్ని ఆసుపత్రిలో చేర్చుకోవాలని చెప్పి చేర్చుకున్నారు. "ఏం తిన్నావు?" అని కాకుండా, "తినాలంటే భయమేస్తోందా?" అని అడిగిన మొదటి మనిషి ఆయనే. పాప తల ఊపింది.

లావైపోతానని అనకపోతే

ఈ జబ్బు పూర్తి పేరు అనొరెక్సియా నెర్వోసా. గ్రీకులో అనొరెక్సియా అంటే ఆకలి లేకపోవడం. పేరులోనే పొరపాటుంది, ఆకలి ఉంటుంది. దాన్ని అణచడమే జబ్బు.

మాకు రోగం అంతుపట్టకపోవడానికి ఇంకో కారణముంది. పాప ఒక్కసారి కూడా "నేను లావుగా ఉన్నాను" అనలేదు. కడుపులో ఖాళీ లేదు అనేది, అంతే. పుస్తకాల్లో చూస్తే బరువు పెరుగుతామన్న భయమే ముఖ్య లక్షణం అని ఉంటుంది. హాంగ్‌కాంగ్‌లో సింగ్ లీ అనే సైకియాట్రిస్టు 1993లో తన దగ్గరికొచ్చిన 70 మంది రోగుల వివరాలు రాస్తే, సగానికి పైగా ఆ భయం మాట ఎత్తనేలేదు. ఉబ్బరమనీ, ఆకలి లేదనీ, తినబుద్ధి కాదనీ చెప్పారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఖండేల్వాల్, ఇతర డాక్టర్లు 1995లో ఐదుగురు యువతుల గురించి రాసినప్పుడూ అంతే. తిండి మానేశారు, చిక్కి శల్యమయ్యారు, నెలసర్లు ఆగాయి, లావు భయం మాత్రం లేదు. వెల్లూరు సీఎంసీలో పిల్లల మీద చేసిన పరిశీలనలో అన్నిటికన్నా ఎక్కువ కనబడింది మానసిక కారణాలతో వచ్చే వాంతులు. అంటే మన దగ్గర ఈ జబ్బు కడుపు భాష మాట్లాడుతుంది. దాని వెనక మనమూ గ్యాస్ డాక్టరు దగ్గరికి నడుస్తాం.

దీనికి వ్యతిరేకంగా ఉన్నదీ చెప్పాలి. 1980ల చివర్లో ఉత్తర భారతంలో బడిపిల్లలకు కెనడాలో తయారైన ప్రశ్నాపత్రం ఇస్తే, చాలామందికి జబ్బున్నట్టు వచ్చింది. తీరా చూస్తే తిండి మానడం గురించి ఉన్న ప్రశ్నలకు పిల్లలు ఉపవాసాలను మనసులో పెట్టుకుని జవాబు రాశారు. కాబట్టి వ్రతం చేసే ప్రతి అమ్మాయినీ రోగిని చెయ్యకూడదు. నాకూ ఆ భయముంది.

ఇది పాశ్చాత్యుల జబ్బు, ఫోన్లు తెచ్చిన జబ్బు అనేవాళ్ల మాట పూర్తిగా తీసెయ్యలేం కూడా. ఫిజీలో ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అప్పుడు అక్కడ హైస్కూలు అమ్మాయిల్లో బరువు తగ్గడానికి వాంతి చేసుకున్నామన్నవాళ్లు ఒక్కరూ లేరు. 1998లో ఆన్ బెకర్ అనే పరిశోధకురాలి బృందం మళ్లీ అడిగితే 11 శాతం పైగా ఉన్నారు. బొద్దుగా ఉంటేనే ముచ్చటపడే సమాజమది. మన ఇళ్లలో పెళ్లిచూపుల ముందు తూకాలు, హాస్టళ్లలో రాంకుల ఒత్తిడి, ఇంటికో డైట్ చెప్పే వీడియోలు, ఇవన్నీ నిప్పు రాజెయ్యగలవు. కానీ ఇల్లు అంటుకున్నాక అగ్గిపుల్ల ఎవరిదని వెతుకుతూ కూర్చోలేం. నా వాదన అక్కడినుంచే మొదలవుతుంది.

ఆకలి మనిషిని ఏం చేస్తుంది

పాప వంటల పుస్తకం సంగతి నాకు చాలాకాలం అంతుపట్టలేదు. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మొదలైన ఒక ప్రయోగం గురించి చదివాక అర్థమైంది. యుద్ధానికి వెళ్లం అన్న 36 మంది యువకులు, అన్ని విధాలా ఆరోగ్యవంతులు, స్వచ్ఛందంగా వచ్చారు. ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త వాళ్లకు 24 వారాలపాటు సగం తిండి మాత్రమే పెట్టారు. యుద్ధంలో మాడిపోయిన జనాన్ని మళ్లీ ఎలా తేరుకునేలా చెయ్యాలో తెలుసుకోవడం ఆయన ఉద్దేశం.

ఆ మగవాళ్లు కొన్ని వారాలకే వంటల పుస్తకాలు సేకరించడం మొదలుపెట్టారు. గిన్నెలు నాకేవారు, పళ్లెంలో ఉన్నది గంటలు గంటలు కెలికేవారు. ఎండాకాలంలో చలన్నారు. నవ్వడం తగ్గింది, స్నేహితులతో మాట తగ్గింది, చిరాకు, దిగులు. ఒకతను గొడ్డలితో తన వేళ్లు నరుక్కున్నాడు. వాళ్లకు పెళ్లిచూపుల్లేవు, ఇన్‌స్టాగ్రామ్ లేదు, ఎంసెట్ లేదు. తిండి తగ్గింది, అంతే. తిండి మళ్లీ పెట్టడం మొదలుపెట్టాక కూడా మనసు కుదుటపడటానికి నెలలు పట్టింది.

అది చదివిన రాత్రి నేను చాలాసేపు ఏడ్చాను. మొండితనం, ముభావం, అబద్ధం, అన్నీ మా పిల్ల స్వభావం మారిపోయి వచ్చాయనుకుని మేం తిట్టాం. అందులో పెద్ద భాగం ఆకలి. మెదడు పస్తులున్నప్పుడు కౌన్సెలింగ్ చెప్తే అది ఎక్కడ ఇంకుతుంది? పాపని ఆసుపత్రికి ముందు ఒక కౌన్సెలర్ దగ్గరికి ఆరు వారాలు తీసుకెళ్లాం. ఆవిడ మంచి మనిషి. చిన్నప్పటి సంగతులు అడిగారు. ఆ ఆరు వారాల్లోనూ పాప తగ్గుతూనే ఉంది, ఎవరూ తూచలేదు.

సున్నుండలు వద్దన్నారు

అన్నం పెట్టాలి అంటున్నాను కాబట్టి ఒక హెచ్చరిక కూడా చెప్పకపోతే తప్పవుతుంది. ఆసుపత్రిలో చేరిన రెండోరోజే అక్క నెయ్యి కారుతున్న సున్నుండలు డబ్బాడు తెచ్చింది. డాక్టరుగారు డబ్బా మూత పెట్టించారు. బాగా చిక్కిపోయిన శరీరానికి ఒక్కసారిగా తిండి పడితే, రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం హఠాత్తుగా పడిపోయి గుండె ఆగిపోయే ప్రమాదముంది. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక నిర్బంధ శిబిరాల నుంచి బయటపడినవాళ్లలో కొందరు కడుపునిండా తిన్నాకే చనిపోయారు. అందుకే మొదటి వారం లెక్కప్రకారం కొద్దికొద్దిగా పెట్టారు, థయమిన్ అనే బి1 విటమిన్ ఇచ్చారు, రోజూ రక్తం తీసి చూశారు. సున్నుండలు మూడోవారంలో మొదలయ్యాయి.

అక్క చేతి ముద్ద

1873లో ఈ జబ్బుకు ఇప్పుడున్న పేరు పెట్టిన లండన్ వైద్యుడు విలియం గల్, రోగికి వేళకు తిండి పెట్టాలన్నారు. ఆ పనికి బంధుమిత్రులంత పనికిరానివాళ్లు లేరని కూడా అన్నారు. ఆ మాట వందేళ్లు నిలిచింది. పిల్లను తల్లిదండ్రులకు దూరంగా ఉంచడమే వైద్యమనుకున్నారు, తల్లి పెంపకమే రోగకారణమనుకున్నారు. దాన్ని తిరగేసింది లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రి వాళ్లు. జబ్బు చిన్నవయసులో మొదలై మూడేళ్లు దాటనివాళ్లకు, ఇంట్లో అమ్మానాన్నలు తిండి బాధ్యత పూర్తిగా చేతుల్లోకి తీసుకుంటే విడిగా ఇచ్చే చికిత్సకన్నా బాగా పనిచేస్తోందని 1987లో ప్రచురించారు. మొదటి దశలో ఏం తినాలి, ఎంత తినాలి అన్నది పెద్దవాళ్లే నిర్ణయిస్తారు. బరువు కుదురుకున్నాక ఆ పెత్తనం మెల్లగా పిల్లకే తిరిగి అప్పజెబుతారు. మనసు, స్నేహాలు, చదువు, వీటి గురించి మాట్లాడేది చివరి దశలో.

మా సైకియాట్రిస్టు ఆ పద్ధతినే మాకు నేర్పారు. రోజుకు మూడు భోజనాలు, మూడు చిరుతిళ్లు, ప్రతిసారీ పక్కన ఒక పెద్దమనిషి. జబ్బు వేరు, పిల్ల వేరు అని మాకు పదేపదే చెప్పారు. బేరాలు వద్దు, బతిమాలడం వద్దు, ఉపన్యాసం వద్దు, ఒంటి గురించి మంచిగానైనా మాట వద్దు. "బుగ్గలొచ్చాయే" అన్నా ఆ పిల్లకు అది శిక్షలా వినపడుతుంది. మన ఇళ్లలో ఇది ఎంత కష్టమో చెప్పలేను. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ మొదట ఒంటి గురించే మాట్లాడతారు. బావ వీధిగుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లకు ముందే చెప్పి పంపేవాడు.

అక్క పప్పన్నం కలిపి ఎదురుగా పెట్టేది. పాప కదిలేది కాదు. "భయంగా ఉందని నాకు తెలుసు. ఇంకో ముద్ద" అనేది. ముప్పావుగంట, గంట. ఒకసారి కంచం గోడకేసి కొట్టింది. అక్క తుడిచి, ఇంకో కంచం పెట్టింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. ఇది హింస కాదా అనిపించింది. పదహారేళ్ల పిల్లను పసిదాన్ని చేసి కూర్చోబెట్టడం సరైందేనా అని బావతో గొడవపడ్డాను కూడా.

ఏడాది తర్వాత పాపే నాకు చెప్పింది. "పిన్నీ, నేనంతట నేను తింటే లోపల ఒకటి నన్ను తిట్టేది, సిగ్గులేదా అని. అమ్మ తినమంటే తప్పు అమ్మ మీదకి పోయేది. అప్పుడు కొంచెం ఊపిరాడేది." నా సందేహానికి ఇంతకన్నా గట్టి జవాబు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

అయినా ఇది అందరికీ కుదురుతుందని అనను. అమెరికాలో 121 మంది పిల్లల మీద చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో, కుటుంబం చేతుల మీదుగా జరిగిన చికిత్స ముగిసిన ఏడాదికి పూర్తిగా కోలుకున్నవాళ్లు 49 శాతం. విడిగా చికిత్స పొందినవాళ్లలో 23 శాతం. రెట్టింపు అని సంతోషించవచ్చు. మిగతా సగం మంది మాటేమిటని దిగులూ పడవచ్చు. కొట్టే తండ్రి ఉన్న ఇంట్లో, తిండి దగ్గరే తగువులు జరిగే ఇంట్లో ఈ పద్ధతి ప్రమాదం. వయసొచ్చిన రోగులకు ఇది సరిపోదు, వాళ్లకు వేరే చికిత్స ఉంది. మన దగ్గర "కుటుంబం" అంటే చివరికి తల్లే. అక్క టీచరు ఉద్యోగం ఒక విద్యా సంవత్సరం వదులుకుంది. ఆ జీతం లేకపోయినా గడిచే ఇల్లు కాబట్టి సాగింది. పాపకు ఇంటర్ ఒక ఏడాది పోయింది. సైకియాట్రిస్టు దగ్గరికెళ్లిందని తెలిస్తే రేపు సంబంధాలు రావని నానమ్మ వారం రోజులు మాట్లాడలేదు. ఆవిడను నేను తప్పుపట్టను, ఆవిడ భయం ఆవిడది. కానీ ఈ జబ్బు మామూలుది కాదు. అనొరెక్సియా ఉన్నవాళ్లలో మరణాల రేటు, అదే వయసువాళ్లతో పోలిస్తే సుమారు ఆరు రెట్లని ఎన్నో పరిశోధనల్ని కలిపి చూసి 2011లో తేల్చారు. ఆ మరణాల్లో ప్రతి ఐదింటిలో ఒకటి ఆత్మహత్య.

చిక్కిపోని వాళ్ల సంగతి

తిండికి సంబంధించిన జబ్బులున్నవాళ్లలో ఎక్కువమంది బక్కగా ఉండరు. బులీమియా అనే ఇంకో తిండి జబ్బుకు ఆ పేరు 1979లో జెరాల్డ్ రసెల్ అనే సైకియాట్రిస్టు పెట్టారు. అదుపు తప్పి తినడం, తర్వాత వాంతి చేసుకోవడమో, విరేచనాల మందు వేసుకోవడమో, రోజంతా మాడటమో. ఆ తర్వాతి భాగం లేకుండా తినడం ఒక్కటే ఉంటే బింజ్ ఈటింగ్ డిజార్డర్. దీన్ని 2013లోగానీ అమెరికా సైకియాట్రీ జాబితాలో విడి జబ్బుగా చేర్చలేదు. బయటికి మనిషి మామూలుగా కనబడుతుంది. లోపల పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. దవడల దగ్గర వాపును, అరిగిన పళ్లను ముందుగా పట్టుకునేది తరచుగా పళ్ల డాక్టరే.

మా ఆఫీసులో ఒకావిడ ఉంది. పగలంతా రెండు ఇడ్లీలతో గడుపుతుంది, అందరూ ఆవిడ నిగ్రహాన్ని మెచ్చుకుంటారు. పాప విషయం తెలిశాక ఒక సాయంత్రం నాతో చెప్పుకుంది. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో దీపం వెయ్యకుండా నిలబడి, జంతికల డబ్బా, మిగిలిన అన్నం, పిల్లల బిస్కెట్లు, ఏది దొరికితే అది కడుపు నొప్పెట్టేదాకా తింటుంది. మర్నాడు ప్రాయశ్చిత్తంగా మళ్లీ పస్తు. పదకొండేళ్లుగా. "నాకు నోరు కట్టుకోవడం రాదు" అంది. నోరు మరీ కట్టుకోవడం వల్లే అలా జరుగుతోందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడా చికిత్స తిండితోనే మొదలవుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టొఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన ప్రవర్తనా చికిత్స సుమారు 20 వారాలు సాగుతుంది. బక్కచిక్కిన వాళ్లకైతే 40 దాకా. అందులో తొలి మెట్టు, ఆకలి వేసినా వెయ్యకపోయినా మూడు పూటలా తినడం, మధ్యలో చిరుతిళ్లు, నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండకపోవడం. అప్పుడు రాత్రి దాడి దానంతటదే సన్నగిల్లుతుంది. బులీమియాకు ఫ్లూక్సెటిన్ అనే మందు 60 మిల్లీగ్రాముల మోతాదులో డాక్టర్లు ఇస్తారు. అనొరెక్సియాకు మాత్రం ఇలా నమ్మకంగా పనిచేసే మాత్ర లేదు, అక్కడ అన్నమే మందు. ఆఫీసావిడ టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ కేంద్రం నంబరు 14416కు ఫోన్ చేసింది, తెలుగులోనే మాట్లాడారు. అక్కణ్నుంచి ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లింది. మొదటి నెలలో ఆవిడకు అన్నిటికన్నా కష్టమైంది పొద్దున్న ఎనిమిదింటికి కడుపునిండా తినడం.

మగపిల్లల గురించి నాకు చెప్పగలిగినంత తెలియదు. జిమ్ముకెళ్తూ, గుడ్డులో తెల్లసొన తప్ప ఏదీ ముట్టని కుర్రాణ్ని చూసి ఎవరూ దిగులుపడరు, దసరాకు మేం పాపను మెచ్చుకున్నట్టే మెచ్చుకుంటారు.

ఈ కార్తీకం

పాప ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం, తణుకులోనే ఇంటినుంచి వెళ్లొస్తోంది. పూర్తిగా తగ్గిందని డాక్టరుగారు ఇంకా అనలేదు. పరీక్షల ముందు మళ్లీ కంచంలో కెలకడం మొదలవుతుంది, అక్క మళ్లీ పక్కన కుర్చీ వేసుకుంటుంది. నాలుగింటి చిరుతిండి ఇప్పటికీ బరువే. ఆ వేళకు నేను ఫోన్ చేసి, తిండి మాట ఎత్తకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటాను. అవతల పల్లీపట్టీ నమిలే చప్పుడు వినపడుతూ ఉంటుంది.

ఉపవాసాలు ఇంకో రెండేళ్లు అసలు తలపెట్టొద్దని డాక్టరుగారు చెప్పారు. ఒక్కపూటే కదా అని కూడా అనుకోవద్దన్నారు. ఇంట్లో మిగతావాళ్లు ఉపవాసం ఉంటే పాపకు కష్టమని, ముప్ఫయ్యేళ్లుగా ఒక్క కార్తీక సోమవారం తప్పని నానమ్మ ఈ ఏడు మానేసింది. చుక్కల వేళ దాకా ఆగకుండా, మధ్యాహ్నం పన్నెండున్నరకే మనవరాలి పక్కన కూర్చుని రెండు కంచాలు పెట్టమంది.